నీళ్లతో బండి నడవదు: ఫ్యూయల్ సెల్స్ మీద అపోహలు, వాస్తవాలు

గోదావరి జిల్లాల్లో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతూ ఫ్యూయల్ సెల్స్ మీద పరిశోధన చేస్తుంటాను. హైడ్రోజన్‌ను, గాలిలోని ఆక్సిజన్‌ను కలిపి మంట లేకుండానే నేరుగా కరెంటు తీసే పరికరమే ఫ్యూయల్ సెల్; మిగిలేది నీరు. పెళ్లిళ్లలోనూ రైల్లోనూ నా పనేంటో తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఇందులో కొన్ని అపోహలను నమ్మి డబ్బు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, అందుకే రాస్తున్నాను.

అపోహ: నీళ్లు పోస్తే బండి నడుస్తుంది

నడవదు. హైడ్రోజన్ మండాక మిగిలేదే నీరు, అందులోంచి మళ్లీ శక్తి రాదు. దాన్ని విడగొట్టాలంటే బయటి నుంచి కరెంటు ఇవ్వాలి. కిలో హైడ్రోజన్ తీయడానికి ఎలక్ట్రొలైజర్‌కు, అంటే కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రానికి, 50 నుంచి 55 యూనిట్లు కావాలి. ఆ కిలోను ఫ్యూయల్ సెల్‌కు ఇస్తే తిరిగొచ్చేది 16 నుంచి 20 యూనిట్లు. అదే కరెంటును లిథియం బ్యాటరీలో దాచుకుంటే నూటికి 85 పైగా వెనక్కి వస్తుంది. బైకులకు ‘నీళ్ల కిట్’ అమ్మేవాళ్లను ముందు ఈ లెక్క చెప్పమనండి.

అపోహ: హైడ్రోజన్ అంటేనే కాలుష్యం లేనిది

ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే ఆ మాట అనగలం. నేను విద్యార్థులను మొదట అడిగేదీ అదే. కాకినాడలో యూరియా తయారీకి 1990ల నుంచి వాడిన హైడ్రోజన్ సహజవాయువు నుంచి తీసిందే. ఆ పద్ధతిలో కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అందులో కొంత యూరియాలోకి వెళ్లినా, చేలో చల్లాక చివరికి గాల్లోనే కలుస్తుంది. కేంద్రం 2023లో మొదలుపెట్టిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తయారుచేయాలంటోంది. అందులో ఎక్కువ భాగం కార్ల కంటే ముందు ఎరువులకు, రిఫైనరీలకు వెళ్లాలని నా అభిప్రాయం. అక్కడ హైడ్రోజన్ బదులు బ్యాటరీ పనికిరాదు కదా.

అపోహ: హైడ్రోజన్ అంటే బాంబే

1995లో పాశర్లపూడి బావి మంటలు, 2014లో నగరం పైప్‌లైన్ పేలుడు చూసిన కోనసీమవాళ్లు భయపడితే నేను కాదనను. అవి రెండూ సహజవాయువు ప్రమాదాలు. హైడ్రోజన్ గుణం వేరు. గాలి కంటే 14 రెట్లు తేలిక, లీకైతే పైకి ఎగిరిపోతుంది. వంటగ్యాస్‌లా నేలమీద పరుచుకోదు. కానీ గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. వాసన ఉండదు, మంట పగటిపూట కంటికి దాదాపు ఆనదు. అందుకే మూసిన గదిలో కప్పు దగ్గర గాలి పోయే దారి, లీకును కనిపెట్టే సెన్సర్ లేకుండా సిలిండర్ తెరవనివ్వను.

అపోహ: ఇది కొత్త టెక్నాలజీ

బ్రిటన్ శాస్త్రవేత్త విలియం గ్రోవ్ 1839లోనే ఫ్యూయల్ సెల్ మూలసూత్రం చూపించాడు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలే కాలేదు. అమెరికావాళ్లు 1965లో జెమిని-5 అంతరిక్ష నౌకలో, తర్వాత అపోలో నౌకల్లో వాడారు. అపోలో వ్యోమగాములు దాంట్లోంచి వచ్చిన నీళ్లే తాగారు. 2024 జనవరి 1న వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ58లో ఇస్రో కూడా తన ఫ్యూయల్ సెల్‌ను పరీక్షించింది.

అపోహ: రొయ్యల చెరువులకు రేపే పెట్టుకోవచ్చు

“మాస్టారూ, కరెంటు పోతే ఏరియేటర్లకు ఇది పనికొస్తుందా అండి?” భీమవరం వైపు రైతులు ఎక్కువగా అడిగేది ఇదే. చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలే ఏరియేటర్లు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ ఏరియేటర్ ఆగితే పంట పోతుంది, ఆ టెన్షన్ నాకు తెలుసు. అయినా ఇప్పటికి డీజిల్ జనరేటర్ తీసేయొద్దనే చెబుతాను. హైడ్రోజన్ సిలిండర్లు ఊళ్లోకి టైముకు రావాలి. వచ్చినా ఇంకో చిక్కుంది. చెరువు అడుగు నల్లమట్టి నుంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తుందే, ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ పది లక్షల్లో కొన్ని పాళ్లున్నా సెల్‌లో రసాయన చర్యను వేగంగా జరిపించే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పు కూడా అంతే. చెరువుగట్టు మీద పెట్టే యంత్రానికి ముందు మంచి గాలి ఫిల్టర్ కావాలి. మన డెల్టాలో చేయాల్సిన పరిశోధన ఇదేనని నమ్ముతాను. విదేశీ ల్యాబ్‌లో శుభ్రమైన గాలితో వచ్చిన ఫలితం ఇక్కడ నిలుస్తుందో లేదో ఇక్కడే తేలాలి.

అపోహ: ప్లాటినం ధరవల్ల ఎప్పటికీ అందదు

1960ల్లో సెల్‌లోని ఎలక్ట్రోడ్ మీద చదరపు సెంటీమీటరుకు పదుల మిల్లీగ్రాముల ప్లాటినం పూసేవారు. ఇప్పుడు అర మిల్లీగ్రాము కూడా అక్కర్లేదు. ఎక్కువ వేడిమీద పనిచేసే సాలిడ్ ఆక్సైడ్ సెల్స్ అనే మరో రకానికైతే ప్లాటినమే వద్దు.

అపోహ: ఇది కెమిస్ట్రీవాళ్ల పని

మెకానికల్ పిల్లలు ఈ మాటతోనే వెనక్కి తగ్గుతారు. సెల్ లోపల అసలు తలనొప్పి నీళ్లతో. సెల్ మధ్యలో హైడ్రోజన్ ప్రోటాన్లను అవతలికి దాటించే పలుచని పొర ఉంటుంది. అది ఎండితే ప్రోటాన్లు కదలవు, నీరు నిలిస్తే ఆక్సిజన్ లోపలికి చేరదు. వరిచేలో తడీ మురుగూ రెండూ చూసుకునే రైతు పనిలాంటిదే ఇదీ. వాయువు వెళ్లే సన్నని కాలువల ఆకారం, గాస్కెట్ల బిగింపు, వేడిని బయటికి లాగడం అన్నీ మెకానికల్ పనులే. లోడ్ పడితే ఒక్కో సెల్ ఇచ్చేది 0.6, 0.7 వోల్టులే. కాబట్టి వందల సెల్స్ పేర్చాలి, ఆ వోల్టేజిని సరిచేసే కన్వర్టర్‌కు ఎలక్ట్రికల్‌వాళ్లు కావాలి. ఆసక్తి ఉంటే మూడో సంవత్సరంలోనే హీట్ ట్రాన్స్‌ఫర్, ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠాలు గట్టిగా చదవండి, ఒక్క సెల్‌ను చేత్తో విప్పి మళ్లీ బిగించండి.