చేప శిలాజాలు సేకరిస్తున్నారా? ఈ అపోహలు వదిలేయండి

చేప శిలాజాలను రాయిలోంచి బయటికి తీసి శుభ్రం చేయడం నా పని. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రం, కెమరర్ ఊరి దగ్గర దొరికే గ్రీన్ రివర్ చేపలు. సుమారు 5 కోట్ల 20 లక్షల ఏళ్ల కిందట అక్కడ ఒక సరస్సు ఉండేది. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు కొనేది చాలావరకు ఆ సరస్సు చేపనే. అందుకే వాటి గురించే చెబుతాను.

అపోహ: రాయి పగలగొడితే చేప నీట్‌గా బయటపడుతుంది.

వాస్తవం: అక్కడి క్వారీల్లో బాగా పేరున్నది 18 అంగుళాల పొర. అందులో రాయి చీలినా చేప కనపడదు, దాని మీద పలుచటి రాతి పొర మిగిలే ఉంటుంది. పగటి వెలుగులో చూస్తే అది వట్టి పలకే. రాత్రిపూట పక్కనుంచి, బాగా కిందుగా లైటు వేస్తే వెన్నెముక ఉన్నచోట రాయి కొద్దిగా ఉబ్బి సన్నటి నీడ పడుతుంది. క్వారీవాళ్లు ఆ నీడ చూసి చుట్టూ గుర్తు పెట్టుకుని పలక కోస్తారు. అక్కడినుంచి మా పని మొదలవుతుంది. గాలి ఒత్తిడితో కంపించే చిన్న ఉలి, సూదులు, మెత్తటి పొడిని చిమ్మే యంత్రం మా పనిముట్లు. అంతా మైక్రోస్కోపు కింద చేయాల్సిందే. పొడిని ఒకేచోట కాస్త ఎక్కువసేపు నిలిపితే తోక చివరి ముళ్లు కొట్టుకుపోతాయి, మళ్లీ రావు. ఒకే క్వారీ, ఒకే జాతి, ఒకే సైజు చేపలు రెండిటి మధ్య ధర అంత తేడా ఉండటానికి చాలాసార్లు ఈ చేతిపనే కారణం.

అపోహ: పలక మీద అతుకు కనిపిస్తే అది పాడైన ముక్క. అతుకు లేకపోతే ఒరిజినల్.

ఇది నన్ను నిజంగా బాధపెట్టే అపోహ, ఎందుకంటే దీనివల్లే మోసాలు పెరుగుతున్నాయి. సున్నపురాయి పలకలు తవ్వేటప్పుడు విరగడం మామూలే. విరిగిన రెండు ముక్కలను సరిగ్గా కలిపి అతికిస్తే అది మరమ్మతు, అందులో తప్పేమీ లేదు. లేని తలను మలిచి పెట్టడం, పోయిన రెక్కను రంగుతో గీయడం వేరే సంగతి. అలా చేస్తే చేశామని చెప్పి అమ్మాలి. జనం అతుకును చూసి ముఖం తిప్పుకుంటుంటే, కొందరు అమ్మకందారులు అతుకు మీద రంగు పూసి దాచేస్తున్నారు.

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కొనుక్కోండి. ముందు రెక్కలు చూడండి. నిజమైన రెక్కలో మెత్తటి ముళ్లు వెదురు కణుపుల్లా చిన్న చిన్న ముక్కలుగా ఉంటాయి, చివరికి వచ్చేసరికి చీలిపోతాయి. కుంచెతో గీసిన ముల్లు మొదటినుంచి చివరిదాకా ఒకే గీత. అసలు ఎముకలో సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. రంగు మాత్రం ఎముక దాటి పక్కనున్న రాతి గుంటల్లోకి కూడా దిగి ఉంటుంది. అతినీలలోహిత టార్చి వేస్తే జిగురు, పూత చాలాసార్లు చుట్టూ ఉన్న రాయికంటే వేరుగా మెరుస్తాయి.

పెద్ద చేప నోట్లో చిన్న చేప ఉన్న పలకలైతే ఇంకా జాగ్రత్త. అలాంటివి నిజంగానే దొరికాయి. కానీ రెండు చేపలను తెచ్చి ఒకటి చేయడం కూడా జరుగుతుంది. దవడకీ లోపలి చేపకీ మధ్య ఉన్న రాయిని చూడండి. పొరలు తెగకుండా సాగాలి.

అపోహ: కోట్ల ఏళ్ల నాటిది కాబట్టి అరుదైనదే.

వాస్తవం: వయసుకీ అరుదుకీ సంబంధం లేదు. నైటియా అనే చిన్న చేప అక్కడ గుంపులు గుంపులుగా, ఒక్కోసారి ఒకే పలక మీద పదులకొద్దీ దొరుకుతుంది. 1987లో వ్యోమింగ్ దాన్ని తన రాష్ట్ర శిలాజంగా ప్రకటించింది. నైటియా పేరుతో, అదే సరస్సులోని డిప్లోమిస్టస్ అనే మరో చేప పిల్లలను అమ్మడం కూడా చూస్తుంటాను. నోరు పైకి తిరిగి, పొట్ట వెనకాల రెక్క పొడుగ్గా ఉంటే అది డిప్లోమిస్టస్.

అపోహ: చేపలో కనిపించే గోధుమరంగు అది బతికున్నప్పటి రంగు.

కాదు. అది ఎముకల, పొలుసుల రంగు, అదీ రాయిలో అన్ని కోట్ల ఏళ్లు ఉన్నాక వచ్చింది. బతికున్నప్పటి రంగును అది చెప్పదు.

అపోహ: మురికి పడితే నీళ్లతో, లేదా కాస్త వెనిగర్‌తో కడిగేయొచ్చు.

దయచేసి వద్దు. వెనిగర్ సున్నపురాయిని కరిగిస్తుంది. నీళ్లు తగిలితే కొన్ని పలకలు పొరలు విడిపోతాయి, పాత జిగురు ఊడొచ్చు. మెత్తటి పొడి కుంచె చాలు.

అపోహ: దొరికినవాడిదే శిలాజం.

వాస్తవం: అమెరికాలో సొంత భూమిలో దొరికినది ఆ భూయజమానిది. కెమరర్ చుట్టుపక్కల ప్రైవేటు క్వారీలు చట్టబద్ధంగానే నడుస్తున్నాయి. వాటికి దగ్గర్లోనే 1972లో ఏర్పడిన ఫాసిల్ బ్యూట్ జాతీయ స్మారకం ఉంది, అక్కడ ఒక్క ముక్క కూడా ఏరుకోకూడదు. ఫెడరల్ భూముల్లో వెన్నెముక జీవుల శిలాజాలు సేకరించాలంటే అనుమతి తప్పనిసరి, 2009 చట్టం ఆ విషయంలో గట్టిగానే ఉంది. బ్రెజిల్‌లో 1942 నుంచీ శిలాజాలు దేశం ఆస్తి. కాబట్టి అక్కడి శాంటానా రాతిపొరల్లో దొరికే చేప శిలాజాన్ని ఎవరైనా చౌకగా ఇస్తామంటే కాగితాలు చూడకుండా కొనకండి. ఏ చేప కొన్నా క్వారీ, పొర, జాతి, పలకను సిద్ధం చేసినవారి పేరు, ఎక్కడెక్కడ మరమ్మతు జరిగిందో రాయించుకుని ఆ చీటీని పలక వెనకే అతికించండి. రేపు మీరు దాన్ని మ్యూజియానికి ఇవ్వాలనుకుంటే వాళ్లు మొదట అడిగేది ఆ చీటీనే.