పెదవి మీద గాటు

సుమారు పదిహేను వందల ఏళ్ల కిందట పెరూ ఉత్తర తీరంలో బతికిన ఒక మనిషికి పైపెదవి మీద గాటు ఉండేది. అతని పేరు మనకు అందలేదు. అతని జనమైన మోచే ప్రజలకు లిపి లేదు. అందినదల్లా ఆ గాటే, అతని ముఖాన్ని కూజాగా మలచిన కుమ్మరి దాన్ని కప్పిపుచ్చలేదు కాబట్టి. పురావస్తు శాస్త్రవేత్త క్రిస్టఫర్ డొనన్ వందలాది ముఖాకారపు కూజాలను పోల్చి చూస్తే, ఈ ఒక్క మనిషే 40కి పైగా కూజాల మీద తేలాడు. ఒకచోట పదేళ్ల పిల్లవాడు, మరోచోట ముప్పై దాటిన మగవాడు.

మోచే కుమ్మరులకు సారె తెలియదు. ముందు మట్టితో ముఖాన్ని మలచి కాల్చేవారు. దాని మీద మెత్తని మట్టిని అదిమి, రెండు సగాలుగా అచ్చు తీసేవారు. కాల్చిన అచ్చుల్లో మట్టిని పలుచగా వేళ్లతో ఒత్తి, రెండు సగాలనూ అతికేవారు. కూజా లోపలివైపు ఆ వేలిగుర్తులు ఇప్పటికీ చూడవచ్చు. అచ్చు ఒకటే అయినా కూజాలు ఒకేలా ఉండవు: తలపాగా నగిషీ, ముఖం మీది రంగు ప్రతిసారీ మారేవి. ఎరుపు, మీగడ రంగుల మట్టిపూత పూసి, నునుపుదేల్చి కాల్చేవారు.

కూజా పైన గొట్టం రెండు పాయలుగా వంగి లోపలికి దిగుతుంది. రౌతు కాలు పెట్టుకునే రికాబులా ఉంటుందని పండితులు దీన్ని రికాబు మూతి అంటారు. గుర్రాన్నే ఎరుగని వారి పాత్రకు జీను సామగ్రి పేరు! ఈ మూతి రూపంలో వచ్చిన మార్పులను పట్టుకునే పురావస్తు పరిశోధకుడు రఫాయెల్ లార్కో 1948లో మోచే కుండలను ఐదు దశలుగా విడదీశాడు.

కొన్ని కుండల మీద సన్నని గీతలతో బలి తంతు కనిపిస్తుంది: బందీల గొంతు కోయడం, ఒక పెద్దకు పాత్ర అందించడం. ఇదంతా పురాణ కథేనేమో అనిపించేది. 1987లో పెరూ ఉత్తర తీరంలోని సిపాన్‌లో పురావస్తు శాస్త్రవేత్త వాల్టర్ ఆల్వా బృందం తవ్విన సమాధిలో, ఆ పెద్ద ధరించిన ఆభరణాల వంటివే బంగారంతో చేసినవి బయటపడ్డాయి.

ఠీవిగా తలపాగా చుట్టుకుని కూజాలకెక్కిన వారిలో కొందరు వేరే కూజాల మీద మెడకు తాడుతో, చేతులు కట్టేసి, దిగంబరంగా కూర్చుని ఉన్నారు. ముఖం మాత్రం అదే. వాకా దె లా లూనా అనే మోచే గుడి ఆవరణలో బలి ఇచ్చిన మగవాళ్ల అస్థికల మధ్య ఇలాంటి బందీల మట్టి బొమ్మలే ముక్కలై దొరికాయి.