ఆడపిల్ల లెక్క

మా నల్లగొండ మాటలో ‘లెక్క’కు రెండు అర్థాలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిందే, బడిలో చేసే లెక్క, కిరాణా కొట్టులో రాసుకునే లెక్క. రెండోది ‘లాగా’. ‘పులి లెక్క దుంకిండు’ అంటే పులిలాగా దూకాడని. ఈ రెండూ ఒకే మాటలో ఎట్లా సర్దుకున్నాయో నేనెన్నడూ పట్టించుకోలేదు, మొన్నటి దసరా సెలవుల్లో అక్క వాళ్లింట్లో జరిగిన ఒక చిన్న సంగతి దాకా.

మేనల్లుడికి ఎనిమిదేళ్లు. గచ్చు మీద జారిపడ్డాడు, మోకాలు గీరుకుపోయింది, ఏడుపు అందుకున్నాడు. మా అమ్మ వంటింట్లోంచే, చేతిలో పని ఆపకుండా, ‘ఏందిరా, ఆడపిల్ల లెక్క ఏడుస్తున్నవ్?’ అంది. వాడి చెల్లెలికి ఆరేళ్లు. టీవీ ముందు కూర్చుని సినిమా చూస్తోంది. తల తిప్పకుండానే, ‘నిన్న నాకు సూదేస్తే నేను ఏడ్వలే గదా అమ్మమ్మా’ అంది.

మా అమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. మేనల్లుడు మాత్రం ఏడుపు ఆపేశాడు, మోకాలు నొప్పి తగ్గి కాదు.

ఆ పిల్ల చూస్తున్నది డిస్నీ వాళ్ల బొమ్మల సినిమా ఫ్రోజెన్ రెండో భాగం, ఎల్సా, ఆనా అనే అక్కాచెల్లెళ్ల కథ. 2019లో తెలుగులో కూడా వచ్చింది, ఎల్సాకు నిత్యా మేనన్ గొంతు. ఇంట్లో ఎన్నిసార్లు ఆడిందో చెప్పలేను. అందులో ఒక డ్యామ్ ఉంటుంది. తాత కట్టించిన ఆ డ్యామ్ అడవి జనానికి మేలు కాదు, కీడు చేసిందని తెలిశాక చెల్లెలు ఆనా దాన్ని కూలగొట్టిస్తుంది. దూసుకొచ్చే నీళ్లను అక్క ఎల్సా ఆపుతుంది. గేట్లెత్తినప్పుడు సాగర్ చూసొచ్చిన పిల్లలు కాబట్టి ఆ సీన్ రాగానే ఇద్దరూ ‘సాగర్, సాగర్’ అని అరుస్తారు. ఆనాను పెళ్లాడాలనుకునే కుర్రాడు సినిమా పొడుగునా ఉంగరం పట్టుకుని, అడగడం చేతకాక తిరుగుతుంటాడు. అసలు ఘట్టంలో మాత్రం సమయానికి వచ్చి, తానే ముందుకు దూకకుండా, నీకేం కావాలని ఆమెనే అడుగుతాడు. పెళ్లి కోసం, ముద్దు కోసం ఎదురుచూసే పాత రాకుమార్తెల పక్కన పెట్టి చూస్తే కథ తలకిందులైంది.

కథ సరే. మరి లెక్క?

కార్మెన్ ఫాట్, కారెన్ ఐసెన్‌హావర్ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు డిస్నీ రాకుమారి సినిమాలన్నీ ముందేసుకుని, ఎవరెన్ని మాటలు మాట్లాడారో లెక్కగట్టారు. 2016లో ఆ అంకెలు బయటికొచ్చాయి. 1937 నాటి స్నో వైట్‌లో ఆడా మగా మాటలు దాదాపు సగం సగం. 1989లో వచ్చిన ద లిటిల్ మెర్మెయిడ్‌లో 68 శాతం మాటలు మగ పాత్రలవి. ఆ కథలో రాకుమారి గొంతే పోతుంది, అది కొంత కారణం అనుకోవచ్చు. కానీ ఇద్దరు అక్కాచెల్లెళ్ల చుట్టూ తిరిగే మొదటి ఫ్రోజెన్, 2013ది? అందులో కూడా 59 శాతం మాటలు మగవాళ్లవే.

మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత సినిమాను మళ్లీ ఆ కళ్లతో చూస్తే అర్థమైంది. కథానాయికలు ఇద్దరే. వాళ్ల చుట్టూ దుకాణదారుడు, పొరుగుదేశపు ప్రభువు, రాకుమారుడు, మంచు కోసే కుర్రాడు, చివరికి మాట్లాడే మంచుబొమ్మ, అందరూ మగవాళ్లే. ఎవరూ పనిగట్టుకుని అట్లా పెట్టి ఉండరు. ‘ఒక దుకాణదారుడు కావాలి’ అనుకోగానే బుర్రలోకి మీసం వచ్చేస్తుంది. అదే పరిశోధకులు పొగడ్తలు కూడా లెక్కపెట్టారు. పాత సినిమాల్లో ఆడ పాత్రలకు దక్కిన పొగడ్తల్లో 55 శాతం అందం గురించైతే, కొత్తవాటిలో అది 22 శాతానికి దిగింది. రాకుమారి ఎట్లా ఉండాలో ఆలోచించి మార్చారు, మీసాల దుకాణదారుణ్ని మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

మనమేం తక్కువ తినలేదు. ఏడు చేపల కథ తీసుకోండి. రాజు, ఏడుగురు కొడుకులు, ఆవును మేపని జీతగాడు, ఏడ్చిన పిల్లోడు. పదిమంది మగవాళ్లు. ఆడమనిషి ఒక్కతే, అవ్వ. ఆమె పని బువ్వ పెట్టడం, పిల్లోణ్ని చూసుకోవడం. పైగా చేప ఎండకపోవడానికి తప్పు తిరిగి తిరిగి ఆమె పొయ్యి దగ్గరికి కూడా వస్తుంది. ఇక చీమ సంగతి. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’ అనే ఆ చీమ కచ్చితంగా ఆడదే. పుట్టలో పనిచేసే చీమలు, కాపలా కాసే చీమలు అన్నీ ఆడవే. చీమల్లో కొండి అనేది గుడ్లుపెట్టే అవయవం మారి తయారైంది, కాబట్టి మగ చీమకు కుట్టే యోగమే లేదు. రెక్కలతో పుట్టి, జతకట్టి, కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. చిన్నప్పుడు ఆ చీమను నేను మీసాలు మెలేసిన పహిల్వాన్ లెక్క ఊహించుకున్నాను.

నిజానికి మన వ్యాకరణం నన్నట్లా ఊహించుకోమనలేదు. తెలుగులో నక్క వచ్చినా ‘వచ్చింది’, అమ్మ వచ్చినా ‘వచ్చింది’, బస్సు వచ్చినా అంతే. ‘వచ్చాడు’ మగవాడికే. ఇందులో ఆడవాళ్లకు జరిగింది అన్యాయమో కాదో పండితులు తేల్చుకోనీ, కథల్లోని జంతువులు మాత్రం ఆడో మగో తేలకుండా హాయిగా ఉండొచ్చు. మనం ఉండనివ్వం. నక్కను బావను చేస్తాం, ఎలుగుబంటిని మామను చేస్తాం, పిచ్చుకకు ‘అమ్మ’ తగిలిస్తాం. జిత్తులు బావకు, గూడు పిచ్చుకమ్మకు. ఒక్క గిజిగాడి దగ్గర పేరు సరిగ్గా కుదిరింది. ఆ వేలాడే గూడు అల్లేది మగ పక్షే, నచ్చిందో లేదో చూసేది ఆడది.

ఇవన్నీ పిల్లల బుర్రలోకి పాఠం లెక్క పోవు. పిల్లలు మూడేళ్లు నిండేసరికి తాము ఆడో మగో చెప్పేస్తారు. అక్కడి నుంచి వాళ్ల మనసులో రెండు గంపలు తయారవుతాయని, కనిపించినవన్నీ ఏదో ఒక గంపలో పడుతుంటాయని చెప్పుకోవచ్చు. సాండ్రా బెమ్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త 1981లో దీన్నే జెండర్ స్కీమా అనే సిద్ధాంతంగా చెప్పింది. ముగ్గు ఒక గంపలో, బైకు ఒక గంపలో, ఏడుపు ఒక గంపలో. ఒక సినిమాలో ఒక ఎల్సా అనేది ఒక గంపలో ఒక గింజ. రోజంతా పడే మిగతా గింజలు వేరే.

ఆ గంపల బరువు ఎప్పుడు తెలుస్తుందో 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. లిన్ బియాన్, ఆమె సహ పరిశోధకులు అమెరికా పిల్లలకు ‘చాలా చాలా తెలివైన’ మనిషి కథ చెప్పి, ఆ మనిషి ఎవరో బొమ్మల్లో చూపించమన్నారు. ఐదేళ్ల ఆడపిల్లలు ఆడబొమ్మను, మగపిల్లలు మగబొమ్మను దాదాపు సమానంగా చూపించారు. ఆరేడేళ్లకు వచ్చేసరికి ఆడపిల్లలు తమ వాళ్లను చూపించడం తగ్గిపోయింది. బడిలో ఎవరు బాగా చదువుతారంటే మాత్రం ఆడపిల్లలేనని వాళ్లే చెప్పారు! ‘చాలా తెలివైనవాళ్ల ఆట’ అని పేరు పెట్టిన ఆటంటే కూడా ఆ వయసు ఆడపిల్లలకు మోజు తగ్గింది. మా మేనకోడలిది సరిగ్గా ఆ వయసే. అది చదివిన రోజు కాస్త టెన్షన్ పడ్డాను.

గింజలు వేసేది సినిమావాళ్లొక్కరే కాదు. నాకు బాగా పట్టుకున్న ప్రయోగం 2000లో వచ్చింది, అందులో సినిమా లేదు, రాకుమారి లేదు. పదకొండు నెలల పిల్లలు, ఒక వాలు బల్ల. ఆ వాలును ఎక్కువా తక్కువా చేయొచ్చు. ‘మీ పాప ఎంత వాలు దాకా పాకుతూ దిగగలదు?’ అని ముందుగా తల్లులను అడిగారు. తర్వాత పిల్లలను నిజంగానే వదిలారు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకేలా దిగారు, తేడా లేదు. తేడా ఉన్నది తల్లుల అంచనాలో. కొడుకుల తల్లులు ఎక్కువ చెప్పారు, కూతుళ్ల తల్లులు తక్కువ చెప్పారు. మాటలు కూడా రాని వయసు, అప్పటికే లెక్క తప్పింది.

అంతకు ముందు, 1976లో, జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ అనే పరిశోధకులు ఇంకో పని చేశారు. పెట్టెలోంచి బొమ్మ ఎగిరితే ఉలిక్కిపడి ఏడ్చే తొమ్మిది నెలల పసికందు వీడియో ఒకటే, చూసే పెద్దలు రెండు రకాలు. ‘ఇది బాబు’ అని చెప్పినవాళ్లకు ఆ ఏడుపులో కోపం కనిపించింది. ‘పాప’ అన్నవాళ్లకు భయం కనిపించింది. మా అమ్మ వంటింట్లోంచి విన్నది కూడా అట్లాంటిదే. చూడకుండానే అది ఆడపిల్ల ఏడుపని తేల్చింది.

అమ్మను అని నేను తప్పించుకోలేను. ఆ సాయంత్రం నోట్‌బుక్ వెనక పేజీలో గీతలు గీశాను. మంచినీళ్లు తే, తలుపు తియ్యి, ప్లేట్లు పెట్టు, చార్జర్ తే. మేనల్లుడు బిందె పక్కనే కూర్చున్నా పిలుపు మాత్రం చిన్నదానికే. రాత్రికి దాని వైపు గీతలు ఎక్కువున్నాయి, వాటిలో కొన్ని నేనే పెట్టినవి. దేశం మొత్తానికి పెద్ద నోట్‌బుక్ ప్రభుత్వం దగ్గరే ఉంది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడితే, చేసే మగవాళ్లు 88.

మరి రాకుమారి సినిమాలు పిల్లలను పాడుచేస్తాయా? సారా కోయిన్ అనే పరిశోధకురాలు 198 మంది చిన్నపిల్లలను గమనించి 2016లో చెప్పింది ఆందోళన పుట్టించేదే. రాకుమార్తెల మోజు ఎక్కువున్న పిల్లలు ఏడాది తర్వాత ‘ఆడపిల్లల’ ఆటలకు, పద్ధతులకు ఇంకా అతుక్కున్నారు. అదే పరిశోధకురాలు పిల్లలు పదేళ్లవాళ్లయ్యాక మళ్లీ చూసి 2021లో ప్రకటించింది దాదాపు ఉల్టా. చిన్నప్పుడు ఆ మోజు ఎక్కువున్నవాళ్లు, ఆడైనా మగైనా, ‘మగాడంటే ఇట్లాగే ఉండాలి’ అనే మొండి భావాలకు దూరంగా ఉన్నారు. ఇది అమెరికా లెక్క, ఒకటి రెండోదానికి కారణమని కూడా దీంతో తేలదు. అయినా నాకు తోచేది ఒకటుంది. ఆడవాళ్లు మనసు విప్పి మాట్లాడుకునే కథలు మగపిల్లలు కూడా చూడాలి. మా మేనల్లుడు చూస్తాడు, దోస్తులకు మాత్రం చెప్పడు.

పనికి ఆడా మగా పేర్లు ఎంత గట్టిగా అతుక్కున్నట్టు కనిపిస్తాయో, అంత తేలిగ్గా ఊడిపోవడం కూడా మా జిల్లాలోనే చూశాను. నాట్లు వేయడం ఆడవాళ్ల పని, వాళ్ల నడుమే అందుకు వంగుతుందని పెద్దలు చెప్పేవాళ్లు. కొన్నేళ్లుగా మిర్యాలగూడ దిక్కు పొలాల్లో బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన మగవాళ్ల ముఠాలు ఎకరాల లెక్కన గుత్తకు మాట్లాడుకుని నాట్లు వేస్తున్నాయి. నడుము ఎవరిదైనా వంగుతుంది.

మగ్గం సంగతి ఇంకా బాగుంటుంది. పోచంపల్లి చీర అంటే మగ్గం మీద కూర్చున్న మగమనిషి ఫొటో గుర్తొస్తుంది. దానికి ముందు ఆసు పోయడం ఉంటుంది. అర్ధచంద్రంగా నిలబెట్టిన పుల్లల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి, ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు. అది ఆడవాళ్ల పని, ఇంటి పనిలో కలిసిపోయిన పని. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి బాధ చూసి, ఏళ్ల తరబడి కుస్తీపట్టి, 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం కంటే ముందు ఆయన చేసింది, ఇంట్లో అందరి కళ్లముందూ తిరిగే ఆ చేతిని లెక్కలోకి తీసుకోవడం.

గంపలో గింజలు మారితే ఏమవుతుందో మన దేశంలోనే కొలిచారు. పశ్చిమ బెంగాల్‌లో 495 గ్రామాల్లో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. సర్పంచ్ లాంటి పదవి వరసగా రెండు విడతలు ఆడవాళ్లకు రిజర్వైన ఊళ్లలో, కొడుకు మీదా కూతురి మీదా తల్లిదండ్రుల ఆశల మధ్య తేడా 25 శాతం తగ్గింది, పిల్లల సొంత ఆశల్లో 32 శాతం. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, కుర్చీలో ఆడమనిషి కనిపించింది, అంతే. తెలంగాణలో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లవే. సంతకం భార్యది, పెత్తనం భర్తది అయిన ఊళ్లూ ఉన్నాయనుకోండి. అక్కడి పిల్లలు కూడా లెక్కపెడుతూనే ఉంటారు, లెక్క వేరే వస్తుంది. హర్యానాలో 314 ప్రభుత్వ బడుల అధ్యయనం మరో దారి చూపించింది. కొన్ని బడుల్లో రెండున్నరేళ్ల పాటు పిల్లలతో ఈ విషయాలే మాట్లాడించారు. ఆ బడుల మగపిల్లలు ఇంటి పనిలో చెయ్యి వేస్తున్నామని మిగతావాళ్లకంటే ఎక్కువగా చెప్పారు.

సెలవుల చివరి రాత్రి కరెంటు పోయింది. టీవీ లేదు కాబట్టి మేనకోడలు అన్నకు కథ చెప్పడం మొదలుపెట్టింది.

‘అనగనగా ఒక రాజు. రాజుకు ఏడుగురు బిడ్డలు.’ మా దిక్కు బిడ్డ అంటే కూతురే.

‘కొడుకులు గదనే?’

‘అది అమ్మమ్మ కథల. నా కథల బిడ్డలు.’

చేపలొచ్చాయి, ఎండాయి, ఒకటి ఎండలేదు. గడ్డిమోపు, ఆవు, జీతగాడు అన్నీ పాత వరసలోనే వచ్చాయి.

‘అవ్వ బువ్వ ఎందుకు పెట్టలే?’ వాడే అందించాడు.

‘అవ్వ ఊరికి వోయింది. తాత పెట్టాలె. తాతకేమో వండ రాదు.’

మంచం మీద పడుకున్న మా అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

‘మరి చీమ?’

‘చీమ చీమనే. కుడతది.’