స్కల్‌కీప్ ఆలస్యం ఖరీదు

'డంజన్ మాస్టర్ 2: ది లెజెండ్ ఆఫ్ స్కల్‌కీప్' పేరెత్తితే కాలం చెల్లాక వచ్చిన కంప్యూటర్ ఆట అని తేల్చేస్తారు. ఆ ముద్ర 1995 నాటి రివ్యూలు వేసింది. అది ఆటకు పూర్తి న్యాయం చేసిన తీర్పు కాదని నా గట్టి నమ్మకం. ఎందుకో తెలియాలంటే ఎనిమిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

శాన్‌డియాగోలోని ఎఫ్‌టీఎల్ గేమ్స్ మొదటి 'డంజన్ మాస్టర్'ను 1987 డిసెంబరులో అటారీ ఎస్‌టీ అనే హోమ్ కంప్యూటర్ మీద తెచ్చింది. అప్పట్లో ఇలా వీరులను నడిపిస్తూ భూతాలతో పోరాడే ఆటలు చాలావాటిలో మన వంతు అయ్యేదాకా భూతాలు ఓపిగ్గా నిలబడేవి. ఇందులో అవి ఆగవు. నలుగురు వీరులను వెంటబెట్టుకుని చీకటి నేలమాళిగలో నడుస్తుంటే పక్కనెక్కడో తలుపు కదిలిన చప్పుడు వినిపిస్తుంది. భూతం సరిగ్గా గుమ్మంలో ఉన్నప్పుడు మీట నొక్కితే తలుపు దాని నెత్తిన పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. అది ఒక్కసారి చేసినవాళ్లు మరిచిపోలేరు. అటారీ ఎస్‌టీ మీద అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన ఆట ఇదే.

1989లో 'కేయాస్ స్ట్రైక్స్ బ్యాక్' వచ్చినా, అది పాత ఇంజిన్ (ఆటను నడిపే మూల ప్రోగ్రామ్) మీదే నడిచింది. పేరులో '2' ఉన్న అసలు సీక్వెల్ 1993లో ముందు జపాన్‌లో విడుదలైంది. అమెరికా పీసీలకు చేరేసరికి 1995.

కొంప ముంచింది ఆ జాప్యమే. 1992లోనే 'అల్టిమా అండర్‌వరల్డ్' అనే ఆట ఎటు కావాలంటే అటు తిరిగే స్వేచ్ఛనిచ్చింది. 1993 డిసెంబరులో 'డూమ్' అనే వేగవంతమైన కాల్పుల ఆట వచ్చి జనాన్ని ఊపేసింది. ఆ పరుగుకు అలవాటుపడ్డ కళ్లకు గడి తర్వాత గడి అడుగేస్తూ, తిరిగితే ఒకేసారి 90 డిగ్రీలు తిరిగే స్కల్‌కీప్ మొరటుగా కనిపించింది. గ్రాఫిక్స్ పాతవన్నారు, నడక పాతదన్నారు. రెండూ నిజమే, కాదనను.

కానీ ఈసారి నేలమాళిగ దాటి బయటికి వస్తాం. పైన ఉరుములు, వాన. కొట్టుకెళ్లి మన సరుకు బల్ల మీద పెడితే అంగడివాడు నాణేలు పెడతాడు. ఇంత శ్రద్ధగా అల్లిన లోకానికి దక్కాల్సినంత మెప్పు దక్కలేదు. 1996లో ఎఫ్‌టీఎల్ మూతపడింది.

2012లో ఫిన్లాండ్‌కు చెందిన ఆల్మోస్ట్ హ్యూమన్ అనే చిన్న సంస్థ 'లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్' విడుదల చేసింది. అవే గడులు, అదే 90 డిగ్రీల మలుపు, అదే నలుగురి బృందం. ఈసారి రివ్యూయర్లు మనసారా మెచ్చుకున్నారు.