చెయ్యి కాలినంత మాత్రాన గేర్‌బాక్స్ చెడినట్టు కాదు

పిల్లలూ,

ట్రాక్టర్‌కి గడ్డి కోసే మోవర్ తగిలించి గంటసేపు నడిపి, ఆపి, బ్లేడ్లని పైనుంచి కప్పి ఉంచే డెక్ మీది గేర్‌బాక్స్‌ని తాకి చూడండి. చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేస్తుంది. "లోపల ఏదో అయిపోయింది" అని అక్కడికక్కడే కంగారుపడి, బాగున్న గేర్‌బాక్స్‌ని విప్పేసేవాళ్లున్నారు. దయచేసి మీరలా చెయ్యకండి. గేర్ల పళ్ల మధ్య ఎంత సందు ఉండాలో, బేరింగులు ఎంత బిగువుగా ఉండాలో షిమ్‌లనే పలచని రేకులు పెట్టి ఫ్యాక్టరీలో సరిచేసి పంపిస్తారు. విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఒక్క షిమ్ తేడా వచ్చిందంటే, లేని రోగాన్ని మనమే తెచ్చిపెట్టినట్టు.

వేడి సంగతి చెప్పడానికి మన చెయ్యి పనికిరాదు. 60 డిగ్రీల వేడిలో ఉన్న ఇనుముకి చర్మం అయిదు సెకన్లపాటు అంటుకుని ఉంటే కాలుతుంది. 70 డిగ్రీలైతే ఒక్క సెకను చాలు. కాబట్టి 65 దగ్గర నిశ్చింతగా పనిచేసుకుంటున్న గేర్‌బాక్సూ, 110 దాటి నిజంగా ప్రమాదంలో పడిన గేర్‌బాక్సూ చేతికి ఒకేలా అనిపిస్తాయి. రెండిటికీ మధ్య ఉన్న తేడా పట్టుకోవాలంటే వేడి ఎక్కడినుంచి పుడుతోందో ముందు తెలియాలి.

ఇంజిన్ శక్తిని మోవర్‌కి అందించే ట్రాక్టర్ పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరుగుతూ పడుకుని వస్తుంది. బ్లేడ్ల షాఫ్టేమో నిలువుగా ఉంటుంది. ఆ మలుపు తిప్పేవి గేర్‌బాక్స్ లోపలి రెండు బెవెల్ గేర్లు, అంటే ఏటవాలు పళ్లున్న గేర్లు. చాలా మోవర్లలో అవి మలుపుతోపాటు వేగాన్ని కూడా పెంచుతాయి. పన్నూ పన్నూ కలిసినచోట అవి ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, కొంత జారతాయి కూడా. ఆ జారుడు దగ్గర రాపిడి. బేరింగుల్లో కొంచెం, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్ పెదవి షాఫ్ట్‌ని ఒరుసుకునేచోట కొంచెం. పళ్లు ఆయిల్‌ని చిలకడంవల్ల ఇంకొంచెం. అన్నీ కలిపినా వచ్చిన శక్తిలో నూటికి మూడు పాళ్ల దాకా పోతుందనుకుందాం. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ లెక్క వెయ్యండి. 30 హార్స్‌పవర్ అంటే సుమారు 22 కిలోవాట్లు. అందులో నూటికి మూడు అంటే 660 వాట్లు. దాదాపు ఒక ఇస్త్రీ పెట్టె లోపల పెట్టి స్విచ్ వేసినట్టే! అంత చిన్న ఇనప డొక్కు వేడెక్కకుండా ఎలా ఉంటుంది?

అలాగని ఆ వేడి పెరుగుతూనే పోదు. పెట్టె వేడెక్కేకొద్దీ చుట్టూ ఉన్న గాలికి ఎక్కువ వేడిని వదులుతుంది. పుట్టే వేడీ పోయే వేడీ సమానమైనచోట ఆగిపోతుంది. చిన్న గేర్‌బాక్స్ అయితే అరగంట నుంచి గంట లోపల ఆ స్థితికి వస్తుంది. మీరు పట్టుకోవలసిన అసలు విషయం ఇదే: ఎంత వేడెక్కింది అనేదానికన్నా, పెరిగి ఒకచోట నిలిచిందా, ఇంకా పెరుగుతూనే ఉందా అనేది ముఖ్యం. 100 డిగ్రీల లోపల నిలిచిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టే అనుకోవచ్చు. రెండో గంటలోనూ ఎక్కుతూనే ఉంటే ఆపి చూడాలి.

రెండో సంగతి, బయటి వేడిని తీసెయ్యకుండా అంకె చదవకూడదు. గాలి 20 డిగ్రీలున్న రోజున 65 చూపించిన గేర్‌బాక్స్, అదే పనికి గాలి 40 ఉన్న రోజున 85 చూపిస్తుంది. దానికేం కాలేదు. రెండు రోజులూ అది గాలికన్నా 45 డిగ్రీలే ఎక్కువగా ఉంది. నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు గాలి వేడి ఒక గడిలో, గేర్‌బాక్స్ వేడి ఇంకో గడిలో, వాటి తేడా మూడో గడిలో రాయండి. ఆ మూడో గడి ఉన్నట్టుండి పెరిగిన రోజున మీకు కబురు అందినట్టు.

మామూలు పనిలో బయటి గోడ మీద 60 నుంచి 90 దాకా ఉంటే నేను కంగారుపడను. 100 దాటిందంటే ఊరుకోను. కారణం చెబుతాను. ఇలాంటి గేర్‌బాక్సుల్లో ఎక్కువగా పోసే 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో, 100 డిగ్రీల దగ్గర అందులో దాదాపు పదో వంతుకి పలచబడిపోతుంది. పళ్ల మధ్య నిలవాల్సిన పొర పలచనవుతుంది. రాపిడి పెరిగి మళ్లీ వేడి పెరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజనీర్లు వాడే లెక్క ఒకటుంది. మామూలు నైట్రైల్ రబ్బరు సీళ్లు కూడా 100 దాటాక ఎక్కువకాలం నిలవవు. గట్టిపడి, పగిలి, కారడం మొదలుపెడతాయి.

ఎక్కువ వేడికి ఆయిల్ తగ్గడమే కారణమని అందరూ అనుకుంటారు. ఎక్కువ పోసినా వేడెక్కుతుందని మాత్రం చాలామందికి తెలియదు. "ఇంకో నాలుగు చుక్కలు పోస్తే మంచిదేగా" అని మూతిదాకా నింపేస్తారు. అప్పుడు గేరు మొత్తం ఆయిల్‌లో మునిగి దాన్ని కవ్వంలా చిలుకుతుంది. నురగ లేస్తుంది. నురగంటే సగం గాలే, గాలి పళ్లని కాపాడదు. ఇంకోటి, వేడెక్కితే ఆయిలూ వ్యాకోచిస్తుంది, పైనున్న గాలీ వ్యాకోచిస్తుంది. 20 నుంచి 80 డిగ్రీలకి వెళ్తే, మూసిన పెట్టెలో గాలి ఒత్తిడి అయిదో వంతు పెరుగుతుంది. ఆ గాలికి దారి ఇవ్వడానికే పైన బ్రీదర్ అని చిన్న రంధ్రమున్న బోల్టు ఉంటుంది. గడ్డి తుక్కూ దుమ్మూ కలిసి దాన్ని మూసేస్తే ఒత్తిడి సీల్ మీద పడి, అక్కడినుంచి ఆయిల్ బయటికి వస్తుంది. సీల్ మార్చినా మళ్లీ కారుతోందంటే ముందు ఆ బ్రీదర్ విప్పి ఊది చూడండి. ఆయిల్ మట్టం మాత్రం చల్లగా ఉన్నప్పుడు, మోవర్ సమంగా ఉన్నచోట, పక్కనున్న లెవెల్ ప్లగ్ విప్పే చూడాలి.

డెక్ మీద గేర్‌బాక్స్ చుట్టూ పేరుకునే గడ్డి వేడిని లోపలే ఆపేస్తుంది. ఎండిన గడ్డి అయితే నిప్పుకి కూడా అవకాశం. పని అయ్యాక గేర్‌బాక్స్‌ని చల్లారనిచ్చి ఆ గడ్డి తుడిచెయ్యండి. వేడిగా ఉండగా చన్నీళ్లు కొట్టకండి. లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుని, సీల్ పక్కనుంచో బ్రీదర్ నుంచో నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది.

వేడి కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడుకోండి. మెరిసే లోహం మీద అది తక్కువ చూపించి మోసం చేస్తుంది. రంగు వేసిన చోటగానీ, నల్ల టేపు అంటించిన చోటగానీ చూడండి. ఎప్పుడూ అదే చోట చూస్తేనే ఇవాళ్టిని నిన్నటితో పోల్చగలం. నాలుగు వైపులా చూసినప్పుడు ఒక బేరింగ్ ఉన్నచోట మాత్రమే మిగతావాటికన్నా బాగా ఎక్కువగా ఉంటే, అది బేరింగ్ మాట్లాడటం. కిందివైపు షాఫ్ట్‌కి తాడో తీగో చుట్టుకుని సీల్‌ని ఒరుస్తోందేమో కూడా చూసుకోవాలి.

కిందికి తొంగి చూసేముందు పీటీవో ఆపి, ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి మీ జేబులో వేసుకోండి. బ్లేడ్లు పూర్తిగా నిలిచేదాకా ఆగండి, అవి ఇంజిన్ ఆగిన తర్వాత కూడా కాసేపు తిరుగుతాయి. పైకి లేపిన డెక్‌ని హైడ్రాలిక్ మీద నమ్మి వదలకుండా కింద గట్టి ఆధారం పెట్టండి. ఈ విషయంలో నా దగ్గర బేరం లేదు.

కొత్త గేర్‌బాక్స్ మొదట్లో కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, పళ్లు ఒకదానికొకటి ఇంకా అలవాటు పడుతుంటాయి. చాలా మాన్యువళ్లు మొదటి 50 గంటలకి ఆయిల్ మార్చమంటాయి. మీ మాన్యువల్‌లో ఎంత రాసి ఉందో చూసుకోండి. తీసిన పాత ఆయిల్‌ని తెల్లటి గిన్నెలో పోసి వెలుతురులో వంచి చూడండి. వెండి పొడిలా మెరిసే సన్నటి నలుసులుంటే అది మామూలు అరుగుదలే. గోటితో తీయగలిగినంత రేకులుంటే గేరో బేరింగో పాడైపోతోంది. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. గంధకం వాసన ఆ ఆయిల్‌కి సహజం, దానికి బెదరకండి. నల్లబడి మాడు వాసన వేస్తే మటుకు వేడి ఎక్కువైనట్టే. ఎవరి గిన్నెలో ఏం కనిపించిందో, నోట్‌బుక్‌లో మూడో గడిలో ఎంత వచ్చిందో నాకు రాయండి. కలిసి చూద్దాం.

మీ తాతయ్య