ఉప్పు గాలిలో సోలార్: విశాఖ డాబాల మీద అపోహలు, వాస్తవాలు

హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాదే నేను ఇళ్ల మీద సోలార్ పెట్టే పనిలోకి దిగాను. అప్పట్నుంచి భీమిలి నుంచి గాజువాక దాకా ఎన్ని డాబాలు ఎక్కానో లెక్క లేదు. ఏ ఇంటికి వెళ్లినా కాఫీ గ్లాసు చేతికిచ్చి ముందుగా అడిగేది ఒకటే: "ఏ కంపెనీ ప్యానెల్ బాబూ?" బోల్టు ఏ రకం అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో ముందే చూసుకున్నవాళ్లు ఇంకా తక్కువ. నేను చూసినంతలో పని చెడేది ఎక్కువగా ఆ రెండు చోట్లే. ప్యానెల్ చెడిపోయిన కేసులు చాలా అరుదు.

అపోహ: సోలార్ ఉంటే కరెంటు పోయినా మనకు బాధ లేదు

అన్నింటికన్నా మొండి అపోహ ఇదే. కిందటి వేసవిలో ఎంవీపీ కాలనీ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేశారు. "ఏమయ్యా, నెత్తిన ఎండ మండిపోతోంది. నీ ప్యానెళ్లు హాయిగా ఎండ కాచుకుంటున్నాయి. నా ఫ్యాను మాత్రం తిరగట్లేదు. ఇదేం సోలారయ్యా?" ఆయన కోపంలో న్యాయం ఉంది. పెట్టేటప్పుడే ఈ మాట నేను చెప్పి ఉండాల్సింది. చెప్పాననుకున్నాను, చెప్పలేదు.

సబ్సిడీ కింద ఇళ్లకు పెట్టేవి దాదాపు అన్నీ ఆన్‌గ్రిడ్ సిస్టమ్‌లు. లైన్‌లో కరెంటు ఉంటేనే ఇన్వర్టర్ నడుస్తుంది. లైన్ పోయిన మరుక్షణం దానంతట అదే ఆగిపోతుంది. అలా ఆగేలా కావాలనే చేస్తారు. ఆగకపోతే మన ఇంట్లో పుట్టిన కరెంటు వెనక్కి లైన్‌లోకి పోతుంది, రిపేరుకని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది.

కరెంటు పోయినా ఇల్లు నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది, బ్యాటరీకి విడిగా సబ్సిడీ లేదు. హుద్‌హుద్ తీరం దాటిన 2014 అక్టోబరు 12 తర్వాత మన వీధుల్లో చాలావరకు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి కదా, అలాంటప్పుడు ఆన్‌గ్రిడ్ సోలార్ ఉండీ లేనట్టే. అందుకే ఇంట్లో పాత ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటే తీసేయొద్దంటాను. రెండు ఫ్యాన్లకూ నాలుగు లైట్లకూ అదే దిక్కు.

అపోహ: తుఫాన్ల ఊరు మనది, ప్యానెళ్లు ఎగిరిపోతాయి

బిగింపు సరిగ్గా లేకపోతే ఎగురుతాయి, నిజమే. లెక్క చూడండి. గాలి ఒత్తిడికి సంబంధించిన ఐఎస్ 875 ప్రమాణం విశాఖకు సెకనుకు 50 మీటర్ల గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ తీరం దాటినప్పటి గాలి ఇంచుమించు అంతే. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి సుమారు 150 కిలోల బరువుతో సమానం. ఇప్పుడొస్తున్న పెద్ద ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్లు ఉంటుంది. దాని సొంత బరువు ముప్ఫై కిలోలకు అటూ ఇటూ. కింద నుంచి గాలి దూరిందంటే తెరచాపలా లేస్తుంది.

కాబట్టి మన ఊళ్లో వాలు తక్కువగా, 10 డిగ్రీల దగ్గర పెట్టడం మేలు. ఉత్పత్తిలో పోయేది కొద్దిగానే. పిట్టగోడ అంచుకు ఆనించకుండా కాస్త లోపలికి జరపాలి. స్లాబు మీద కట్టిన దిమ్మెలు స్లాబును పట్టుకుని ఉండాలి, ఊరికే కూర్చోబెట్టిన సిమెంటు దిమ్మెను నమ్మలేం. ఏటా సెప్టెంబరులో, తుఫాన్ల సీజను మొదలయ్యే ముందు, ఒకసారి పైకెక్కి నట్లన్నీ బిగించాలి. ఈ మాట అందరికీ చెబుతాను. చేసేవాళ్లు తక్కువ.

చాలామంది ప్యానెళ్లను తొమ్మిదడుగుల ఎత్తున పెట్టమంటారు, కింద డాబా వాడుకోవచ్చని. ఒకావిడ "కింద వడియాలు కూడా పెట్టుకోవచ్చు" అన్నారు. నీడలో వడియాలు ఎండవమ్మా అన్నాను. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది, ఇనుము పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. కొందరైతే మరో అడుగు ముందుకేసి ప్యానెళ్ల కింద గోడలు లేపి గది చేస్తారు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) లెక్కలో అది ప్లాన్‌లో లేని కట్టడం. సోలార్ పేరు చెబితే దానికి మాఫీ ఉండదు.

అపోహ: జీఐ పైపు వేశాం కదా, తుప్పు పట్టదు

మూడేళ్ల కిందట వేరేవాళ్లు పెట్టిన సిస్టమ్ ఒకటి చూడమంటే వెళ్లాను. ఇంటి మేడ మీద నిలబడితే సముద్రం కనిపిస్తుంది. ప్యానెళ్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఒక క్లాంపు బోల్టుకు స్పానర్ వేసి తిప్పబోతే తల ఊడి చేతిలోకి వచ్చింది. పక్కది కూడా అంతే. మూడోది ముట్టుకోలేదు. స్టాండు కాలి పైపును వేలితో గీకితే సిల్వర్ పెయింటు పొరలా లేచింది, కింద ఎర్రటి పొడి. జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుము, అని బిల్లులో రాశారు. అది మామూలు ఇనుప పైపు మీద వేసిన రంగు.

జీఐలో కూడా రకాలున్నాయి. కరిగిన జింకులో ముంచి తీసింది కావాలి, పూత మందం 80 మైక్రాన్లు ఉండాలి. అన్నీ సరిగ్గా తెచ్చినా, డాబా మీదే కోసి అక్కడే వెల్డింగ్ పెడితే ఆ చోట జింకు కాలిపోతుంది. తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అందుకే కొలతలు ముందే తీసుకుని, రంధ్రాలతో సహా తయారుచేయించి, పైన బోల్టులతో మాత్రమే జోడించాలి. బోల్టులు కనీసం 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అయినా ఉండాలి. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి లాంటి చోట్ల ఉప్పును ఇంకా బాగా తట్టుకునే 316 రకం వాడితే నిశ్చింత. ఇంటి మొత్తానికి ఈ తేడా కొన్ని వేలు దాటదు, కానీ కొటేషన్‌లో మొదట కోత పడేది దీనికే.

అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలని కొందరు జేబులో అయస్కాంతం పెట్టుకుని వస్తారు. 304కీ 316కీ తేడా దానికి తెలియదు. బోల్టు తల మీద ముద్ర చూడండి, ఏ2 అంటే 304 రకం, ఏ4 అంటే 316 రకం.

ప్యానెల్ విషయంలో అడగాల్సింది ఉప్పు గాలి పరీక్ష సర్టిఫికెట్, ఐఈసీ 61701. కొన్ని కంపెనీలు సముద్రానికి ఇన్ని మీటర్ల లోపు పెడితే వారంటీకి షరతులు పెడతాయి. అది మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కడగడం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వర్షం కడుగుతుందిలే అనుకుంటారు. బొగ్గు, ఖనిజం దించే పోర్టు వైపు ఉన్న జ్ఞానాపురం, పాతనగరం ఇళ్ల మీద పడే నల్లటి ధూళి చినుకులకు పోదు, మరకలు కడుతుంది. అక్కడ పది పదిహేను రోజులకోసారి కడగాల్సిందే. తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు, వీలైతే కుళాయి నీళ్లతో. ఉప్పు బోరు నీళ్లు పోస్తే ఆరాక తెల్ల పొర మిగులుతుంది.

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ

కరెంటు వెలుతురుకు పుడుతుంది, వేడికి కాదు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది. మనకు బాగా ఇచ్చేది ఫిబ్రవరి, మార్చి.

సముద్రపు గాలి ఉంది కదా, చిన్న గాలిమర పెట్టుకోవచ్చా అని కూడా అడుగుతారు. ఇళ్ల మధ్య గాలి సుడులు తిరుగుతుంది, నిలకడ ఉండదు. రాష్ట్రంలో గాలిమరలు ఎక్కువగా అనంతపురం, కర్నూలు వైపే ఎందుకున్నాయో ఆలోచించండి.

అపోహ: ఎన్ని కిలోవాట్లు పెడితే అంత లాభం

ఇక్కడ కాగితం, పెన్ను తీసుకోవాలి. 2022లో మార్చిన శ్లాబుల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 350 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకుందాం. యూనిట్ల చార్జీ ఒక్కటే వేస్తే 2,110 రూపాయలు వస్తుంది.

ఒక కిలోవాట్ మన దగ్గర సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. 2 కిలోవాట్లు పెడితే నెలకు 240. నెట్ మీటరింగ్‌లో, అంటే మనం వాడిన యూనిట్లలోంచి సోలార్ యూనిట్లు తీసేసి బిల్లు వేసే పద్ధతిలో, అవి పోగా మిగిలేది 110 యూనిట్లు, బిల్లు సుమారు 350 రూపాయలు. అంటే మొదటి రెండు కిలోవాట్లు నెలకు 1,760 రూపాయలు మిగిల్చాయి. మూడో కిలోవాట్ పెడితే మిగిలేది ఆ 350 రూపాయలే. సోలార్ పైనుంచి కోసుకుంటూ వస్తుంది. ఖరీదైన యూనిట్లు ముందు పోతాయి, చౌక యూనిట్లు చివర్లో.

సబ్సిడీ కూడా అలాగే ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది. ఐదు కిలోవాట్లు పెట్టినా అంతే.

రేపు ఇంకో ఏసీ కొంటాం, ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటాం అంటే మూడు పెట్టుకోండి, తప్పులేదు. ఉన్నది ఇద్దరే, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో అంటే రెండు చాలంటాను. దీనివల్ల నాకు బేరం తగ్గుతుంది, తెలుసు. మిగులు యూనిట్లు అమ్మి సంపాదిద్దామనే ఆశ మాత్రం వదిలేయండి. వాటికి వచ్చే రేటు పై శ్లాబుల్లో మీరు కట్టే రేటుకు సాటిరాదు.

అపోహ: సబ్సిడీ పోగా మిగతాది కడితే చాలు

ముందు మొత్తం కట్టాలి, లేదా లోన్ తీసుకోవాలి. మీటరు మార్చి, సిస్టమ్ ఆన్ అయ్యాక సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే అది వర్తిస్తుంది. డీసీఆర్ ప్యానెల్ అంటారు వాటిని, బిల్లులో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. చౌకగా ఇస్తామనేవాళ్లలో కొందరు వేరేవి పెడతారు.

ఇక పేరు సంగతి. కరెంటు సర్వీసు ఇంకా చనిపోయిన నాన్నగారి పేరునే ఉంటుంది, ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. పేరు మార్పించాలంటే కాగితాలు, సంతకాలు. ఒక అన్నయ్య దుబాయ్‌లో ఉన్నందుకు అక్కయ్యపాలెంలో ఒక పని నాలుగు నెలలు ఆగింది. ప్యానెళ్లు మెట్ల కింద అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి.

అపోహ: మన కార్పొరేటర్‌తో చెప్పిస్తే అయిపోతుంది

అడగడంలో తప్పులేదు కానీ, ఎవరి చేతిలో ఏముందో తెలిస్తే తిరుగుడు తప్పుతుంది. రేట్లు నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి. మీటరు, లైను, అనుమతి ఈపీడీసీఎల్ పని, అది రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థ. సబ్సిడీ కేంద్రానిది. జీవీఎంసీ చేతిలో ఉన్నవి ప్లాన్లు, ఇంటి పన్ను, వీధి దీపాలు. కార్పొరేటర్లు ఎంతమంది ఉన్నా యూనిట్ రేటులో ఒక్క పైసా తగ్గించలేరు.

అసలు 2012లో పాలకవర్గం గడువు తీరాక 2021 మార్చి దాకా మన ఊరికి కార్పొరేటర్లే లేరు. హుద్‌హుద్ దెబ్బకు ఊరంతా చీకటైనప్పుడు వార్డులో అడగడానికి ఎన్నికైన మనిషి లేడు. ఆ తర్వాతే వీధి దీపాలన్నీ ఎల్ఈడీకి మారాయి, ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2018లో 2 మెగావాట్ల తేలియాడే సోలార్ కూడా వచ్చింది. మంచి పనులే. అయితే ముడసర్లోవ ప్యానెళ్లు చూపించి "ఇక మీ బిల్లు తగ్గుతుంది" అని ప్రచారంలో చెబితే నమ్మకండి. దానివల్ల తేలికయ్యేది జీవీఎంసీ సొంత బిల్లు. పూడిమడకలో ప్రధాని 2025 జనవరిలో శంకుస్థాపన చేసిన గ్రీన్ హైడ్రోజన్ హబ్ కూడా పరిశ్రమల కోసం, ఎగుమతుల కోసం. మన వంటింటి మిక్సీకీ దానికీ సంబంధం లేదు.

అపోహ: అపార్ట్‌మెంట్ వాళ్లకు సోలార్ కుదరదు

కుదురుతుంది, కాకపోతే గొడవ ఎక్కువ. డాబా మామూలుగా అందరి ఉమ్మడి ఆస్తి. పై అంతస్తువాళ్లదీ కాదు, బిల్డరుదీ కాదు. లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్లు నడిచే కామన్ మీటరుకు సోలార్ పెట్టుకుంటే కిలోవాట్‌కు 18,000 చొప్పున సబ్సిడీ ఉంది. ఫ్లాటుకు మూడు కిలోవాట్ల లెక్కన 500 కిలోవాట్ల దాకా ఇస్తారు. అంత చోటు ఎవరి డాబా మీదా ఉండదనుకోండి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు కావాలి. ట్యాంకులు, లిఫ్టు గది, డిష్‌లు, పక్క బిల్డింగు నీడ పోగా మిగిలేదెంతో టేపు పట్టి చూడాలి.

సీతమ్మధారలో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఏడాదిగా నాతో మాట్లాడుతోంది. డబ్బు సమస్య కాదు, మెయింటెనెన్స్ ఖాతాలో ఉంది. మొదటి అంతస్తు ఆయన "మాకు లిఫ్టుతో పనేముంది, మేమెందుకు కట్టాలి?" అంటారు. పై అంతస్తు ఆవిడ "దిమ్మెలు కడితే మా సీలింగు కారుతుంది" అంటారు. ఆవిడ భయం ఉత్తిది కాదు, స్లాబు ఇప్పటికే ఒక మూల చెమ్మగా ఉంది. ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించండి, ఆ తర్వాతే దిమ్మెలు అన్నాను. ఇప్పుడు దాని ఖర్చు ఎవరిదన్న చర్చ నడుస్తోంది. ఆదివారం మళ్లీ మీటింగ్ పెట్టారు, టేపు పట్టుకుని రమ్మన్నారు.