కమియోకా నుంచి జూనో దాకా: న్యూట్రినోలను పట్టే 20 అంగుళాల గాజు బుడ్ల నేపథ్యం

జపాన్‌లోని కమియోకా ప్రాంతంలో, విద్యుదావేశం లేని అతిసూక్ష్మ కణాలైన న్యూట్రినోలను గుర్తించేందుకు, కొండ అడుగున 2.6 లక్షల టన్నుల నీరు పట్టే హైపర్ కమియోకాండే తొట్టె నిర్మాణమవుతోంది. ఇది ఎంత పని చేయగలదన్నది నీటి పరిమాణం మీదే కాదు, లోపలి గోడలకు బిగించే సుమారు 20,000 గాజు బుడ్ల వంటి కాంతి గ్రాహకాల మీద కూడా ఆధారపడి ఉంది.

నీటి అణువులతో న్యూట్రినో చర్య జరపడమే అరుదు. జరిపినప్పుడు పుట్టే ఎలక్ట్రానో, దానికన్నా బరువైన మ్యూయానో, నీటిలో కాంతికున్న వేగాన్ని మించి దూసుకుపోతూ చెరెంకోవ్ కాంతి అనే సన్నని నీలి వెలుగును చిమ్ముతుంది. గోడ చేరేసరికి ఒక్కో గ్రాహకం మీద తరచుగా ఒక్క ఫోటాన్ (కాంతి కణం) మాత్రమే పడుతుంది. గ్రాహకంగా వాడే ఫోటోమల్టిప్లయర్ గొట్టం ఆ ఫోటాన్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను రాబట్టి, డైనోడ్లనే లోహపు పలకల వరుస మీదుగా దాన్ని దాదాపు కోటి రెట్లు చేస్తుంది. ఇది పాత సాధనమే. 1965లో కోలార్ బంగారు గనుల్లో, 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టిన పరికరంలోనూ ఉంది. కాకపోతే అక్కడ కణం తగిలితే మెరిసే ప్లాస్టిక్ సింటిలేటర్ పలకలకు చిన్న గొట్టాలు సరిపోయాయి.

ప్రోటాన్ క్షయాన్ని, అంటే ప్రోటాన్ దానంతటదే విచ్ఛిన్నం కావడాన్ని, వెతకడానికి జపాన్ భౌతిక శాస్త్రవేత్త మసతోషి కోషిబా తలపెట్టిన కమియోకాండే తొట్టె 3,000 టన్నులది; అమెరికాలోని పోటీ ప్రయోగం ఐఎంబీది అంతకు రెండింతలు దాటిన తొట్టె, అందులోవి 5 అంగుళాల గొట్టాలు. నీటిలో పోటీ పడలేని కోషిబా కాంతిని ఎక్కువగా పోగుచేయాలనుకొని, అంతవరకు ఎవరూ చేయని 20 అంగుళాల గొట్టాన్ని తయారుచేయమని గొట్టాల తయారీదారైన జపాన్‌లోని హమామత్సు సంస్థను ఒప్పించారు. ఈ రంగంలో అన్నిటికన్నా దూరదృష్టి గల నిర్ణయం ఇదేననిపిస్తుంది. గొట్టం పెరిగినకొద్దీ కొత్త చిక్కులు వచ్చాయి: అంత పెద్ద బుడ్డిలో భూమి అయస్కాంత క్షేత్రం సైతం ఎలక్ట్రాన్ల దారి మళ్లిస్తుంది కనుక, తర్వాతి సూపర్ కమియోకాండేలో దాన్ని రద్దుచేసే తీగచుట్లను తొట్టె చుట్టూ అమర్చారు. కమియోకాండేలో అలాంటి గొట్టాలు సుమారు వెయ్యి. 1987 ఫిబ్రవరి 23న సూపర్‌నోవా (నక్షత్ర విస్ఫోటం) నుంచి వచ్చిన 11 న్యూట్రినోలను అవి నమోదు చేశాయి.

1996లో మొదలైన 50,000 టన్నుల సూపర్ కమియోకాండేకు 11,146 గొట్టాలు పెట్టారు. 2001 నవంబర్ 12న, మరమ్మతుల తర్వాత నీరు నింపుతుండగా అడుగున ఒక గొట్టం నీటి ఒత్తిడికి లోపలికి నలిగి పగిలింది. బుడ్డిలోని శూన్యంలోకి నీరు ఒక్కసారిగా ఎగబడటంతో పుట్టిన ఆఘాత తరంగం పక్కదాన్నీ, అది దాని పక్కదాన్నీ పగలగొట్టగా, క్షణాల్లో 6,600కు పైగా గొట్టాలు ధ్వంసమయ్యాయి. ఆ తర్వాత ప్రతి గొట్టానికీ ముందు యాక్రిలిక్, వెనుక ఫైబర్ గ్లాస్ తొడుగు వేశారు. లోపల బుడ్డి పగిలినా, తొడుగుకున్న చిన్న రంధ్రాల గుండా నీరు నెమ్మదిగా చొరబడుతుంది కనుక తరంగం బలపడదు. పూర్తి సంఖ్యలో గొట్టాలు తిరిగి అమరింది 2006లో.

ఆ గుణపాఠాన్ని చైనాలోని న్యూట్రినో ప్రయోగం జూనో కూడా పాటించింది. 2025 ఆగస్టులో దత్తాంశ సేకరణ ప్రారంభించిన ఈ 20,000 టన్నుల ద్రవ సింటిలేటర్ డిటెక్టర్‌లో 20 అంగుళాల గొట్టాలు 17,612. వాటికీ యాక్రిలిక్, స్టీలు తొడుగులున్నాయి. వీటిలో ఎక్కువ భాగం డైనోడ్లకు బదులు సూక్ష్మరంధ్రాల పలకతో చైనాలోనే తయారైనవి. హైపర్ కమియోకాండే కోసం హమామత్సు డైనోడ్ల అమరికనే మార్చి, పాతవాటికి రెండింతల ఫోటాన్లను పసిగట్టే గొట్టాన్ని రూపొందించింది. మధ్యధరా సముద్రంలోని న్యూట్రినో డిటెక్టర్ కేఎం3నెట్ మాత్రం పెద్ద బుడ్డిని వదిలేసి, ఒకే గాజు గోళంలో 3 అంగుళాల గొట్టాలు 31 పేర్చింది. కాంతి ఏ వైపు నుంచి వచ్చిందో కూడా వీటితో తెలుస్తుంది కనుక, హైపర్ కమియోకాండేలో పెద్ద గొట్టాల నడుమ ఇలాంటి గుత్తులనూ కొన్నింటిని అమర్చనున్నారు.